పాత ఓడ ఎక్కవచ్చా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్ళలో ఏ ఊరి పొలిమేరలో నిలబడి చూసినా సముద్రం కనబడదు. "మరి మాకు ఓడల గొడవ ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. తప్పకుండా అడగండి. దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

చలికాలం రాగానే మీ బడులలో విహారయాత్రల మాట మొదలవుతుంది. మీలో చాలామంది నాగార్జునసాగర్ వెళ్ళే ఉంటారు. ఆనకట్ట చూసి, లాంచీ ఎక్కి, నాగార్జునకొండ దీవికి వెళ్ళి, 1966లో అక్కడ నెలకొల్పిన మ్యూజియం చూసి వచ్చి ఉంటారు. కొందరు అమ్మానాన్నలతో గోదావరి మీద పాపికొండలకు వెళ్ళి ఉంటారు. రేపు పెద్దయ్యాక సముద్రం మీద కూడా ప్రయాణం చేస్తారు. ఎందుకంటే విహార నౌకలు ఇప్పుడు మన తీరానికి రావడం మొదలయింది. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే పెద్ద విహార నౌక విశాఖపట్నం రేవుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ ఇలాంటి నౌకల కోసమే ఒక టెర్మినల్ కూడా ప్రారంభించారు.

ఆ ఎంప్రెస్ నౌక కథ వినండి. దానిని 1990లో ఫ్రాన్సు దేశంలో కట్టారు. అప్పుడు దాని పేరు 'నార్డిక్ ఎంప్రెస్'. పొడవు 211 మీటర్లు. అంటే దాన్ని నిలబెడితే కుతుబ్‌మినార్‌కు దాదాపు మూడింతల ఎత్తు ఉంటుందన్నమాట! పేర్లు మార్చుకుంటూ, యజమానులను మార్చుకుంటూ, ముప్పయ్యేళ్ళు అక్కడి వాళ్ళను తిప్పి, ఆ తరువాత మన దేశానికి వచ్చింది. విశాఖ రేవులో అడుగుపెట్టేనాటికి దాని వయస్సు 32 ఏళ్ళు. బహుశా మీ అమ్మగారికి సమాన వయస్సు.

ఇలాంటి ఓడను గురించి పెద్దలు మాట్లాడుకునేటప్పుడు రెండు మాటలు వినబడతాయి. ఒకరు, "ఎవరో వాడి వదిలేసిన పాత ఓడను మనకు అంటగట్టారు, ఎక్కకూడదు" అంటారు. ఇంకొకరు, "అద్దంలా మెరిసిపోతున్నదిగా, భయమెందుకు?" అంటారు.

నన్నడిగితే ఇద్దరి మాటా సరి కాదు. మొదటివారు ఓడ వయస్సు మాత్రమే చూశారు. రెండోవారు రంగు మాత్రమే చూశారు. ఓడను ఇన్నేళ్ళూ ఎలా చూసుకున్నారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఎవరు పరీక్షించారు అన్నది ఇద్దరూ అడగలేదు. ఆ లెక్క ఎక్కే ప్రతి మనిషికీ కనబడాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, ఒప్పుకుంటారో లేదో మీరే చూడండి.

బస్సు చెప్పే పాఠం

మీ మూడు ఊళ్ళలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. కొన్నేళ్ళు ఎక్స్‌ప్రెస్‌గా పెద్ద రోడ్డు మీద పరుగెత్తిన బస్సును తరువాత రంగు మార్చి పల్లెవెలుగుగా తిప్పడం ఆర్టీసీలో అలవాటే. ఆ బస్సు ఎక్కి మీరు బడికి వెళుతూనే ఉన్నారు. అది పాతదని ఎవరూ ఎక్కడం మానలేదు. బ్రేకులు సరిగా పడుతున్నాయా, టైర్లు అరిగిపోయాయా, స్టీరింగు వదులయిందా అన్నదే మనకు కావాలి. అవి డిపోలో చూస్తారు. రవాణా శాఖవారు తనిఖీ చేసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తారు.

ఓడల లోకంలోనూ ఇదే జరుగుతుంది. కొత్త ఓడ ధనిక దేశాల మధ్య తిరుగుతుంది. పాతబడిన కొద్దీ చవక ప్రయాణాలకు, వేరే దేశాలకు వెళుతుంది. ఇందులో మనకు అవమానమేమీ లేదు. పల్లెవెలుగుకు అవమానం లేనట్టే! పల్లె బస్సుకైనా బ్రేకులు ఎక్స్‌ప్రెస్ బ్రేకులంత గట్టిగా ఉండాలి, అంతే.

అయితే బస్సుకూ ఓడకూ ఒక పెద్ద తేడా ఉంది. బస్సు చెడితే పక్కకు ఆపి దిగవచ్చు. నడిసముద్రంలో ఓడ చెడితే దిగడానికి చోటు లేదు. అందుకే ఓడ సంరక్షణ మరింత జాగ్రత్త కోరుతుంది.

ఇనుముకూ నీటికీ పడదు

ఓడను ఉక్కు రేకులతో కడతారు. ఉక్కులో ఎక్కువ భాగం ఇనుమే. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ – ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుందని మీరు చదువుకున్నారు. సముద్రంలో వీటికి నాలుగోది తోడవుతుంది. అదే ఉప్పు. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీటిలో కరిగిన లవణం విద్యుత్తును సులభంగా ప్రసరింపజేస్తుంది. తుప్పు పట్టడమంటే నిజానికి ఇనుము మీద పుట్టే చిన్న చిన్న విద్యుత్ ఘటాల పనే కాబట్టి, ఉప్పునీటిలో ఆ పని జోరుగా సాగుతుంది.

రక్షణ లేని ఉక్కు సముద్రపు నీటిలో ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు తగ్గుతుందనుకోండి. చాలా స్వల్పం, గోరంత కూడా కాదు. కాని ముప్పయ్యేళ్ళు గడిస్తే? 3 మిల్లీమీటర్లు! 12 మిల్లీమీటర్ల రేకులో నాలుగోవంతు మాయమైనట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. తుప్పు అన్నిచోట్లా సమానంగా తినదు. ఒక్కొక్కచోట సూదితో పొడిచినట్టు లోతుగా తినేస్తుంది. పైన రంగు వేస్తే ఆ గుంటలు కంటికి కనబడవు. "పైన పటారం, లోన లొటారం" అని మన పెద్దలన్నది ఇలాంటి వాటిని గురించే.

ఉక్కుకు మరో శత్రువు అలసట. ఒక సన్నని ఇనుప తీగను తీసుకొని అటూ ఇటూ వంచండి. మొదట ఏమీ కాదు. పదిసార్లు, ఇరవైసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. అల ఓడ నడుమ కిందికి వచ్చినప్పుడు రెండు కొసలూ కిందికి వాలుతాయి. అలలు రెండు కొసల కిందికి వచ్చినప్పుడు నడుము దిగుతుంది. ఇలా ఓడ తన జీవితంలో కోట్ల సార్లు కొద్దికొద్దిగా వంగుతుంది. కిటికీల మూలల దగ్గర, అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు పుడతాయి. వాటిని మొదట్లోనే పట్టుకుంటే గంట పని. వదిలేస్తే ప్రాణాంతకం.

డేవీగారికి ఎదురైన చిక్కు

సంరక్షణ అంటే ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. దీనికి మంచి కథ ఉంది.

దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట బ్రిటిష్ యుద్ధనౌకలను కొయ్యతో కట్టి, అడుగున రాగిరేకులు తొడిగేవారు. సముద్రపు నీటిలో ఆ రాగి తినేసుకుపోయేది. హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్తను సలహా అడిగారు. గని కార్మికులకు రక్షణ దీపం చేసిచ్చిన డేవీ ఈయనే. 1824లో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. రాగిరేకుకు ఇనుపముక్కో జింకుముక్కో తగిలించండి అన్నాడు. వాటికి రాగికంటే త్వరగా కరిగే గుణం ఉంది. అవి తాము కరిగిపోతూ రాగిని కాపాడతాయి.

చెప్పినట్టే జరిగింది. రాగి చెక్కుచెదరలేదు. అందరూ సంతోషించారు. కాని కొన్నాళ్ళకు ఓడల వేగం తగ్గిపోయింది! చూస్తే అడుగున నాచూ, గట్టి పెంకులు గల బార్నకిల్ జీవులూ గుట్టలుగా పట్టి ఉన్నాయి. ఇంతకుముందు కొద్దికొద్దిగా కరిగే రాగి విషంలా పనిచేసి వాటిని దగ్గరకు రానిచ్చేది కాదు. ఇప్పుడు రాగి కరగడం లేదు, కాబట్టి వాటికి అడ్డు లేదు. ఒక చిక్కు తీరితే ఇంకొకటి వచ్చిపడింది.

డేవీ ఉపాయం వ్యర్థం కాలేదు. నేటి ఉక్కు ఓడలకు అడుగున జింకు లేదా అల్యూమినియం దిమ్మలు బిగిస్తారు. అవి కరిగిపోతూ ఉక్కును కాపాడతాయి. కాని అరిగిపోయిన దిమ్మలను సమయానికి మార్చాలి. నాచు పట్టకుండా ప్రత్యేకమైన రంగులు పూయాలి. లేకపోతే నీటిలో రాపిడి పెరిగి, అంతే దూరానికి ఎక్కువ చమురు తగలబడుతుంది.

కుండ కొట్టి చూసినట్టు

అంగడిలో కుండ కొనేటప్పుడు మీ నాయనమ్మ ఏం చేస్తుంది? వేలి మెటికతో కొట్టి, చెవి ఒగ్గి వింటుంది. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే పగులుంది. హైవే పక్కన లారీ మెకానిక్కు కూడా కమాన్ కట్టను సుత్తితో కొట్టి చప్పుడు వింటాడు.

ఓడను పరీక్షించే ఇంజనీరు చేసేదీ ఇదే. కాకపోతే ఆయన పంపే ధ్వని మన చెవికి వినబడదు. అతిధ్వని పరికరాన్ని రేకుకు ఆనిస్తాడు. ధ్వని ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోతుంది. రేకు అవతలి అంచును తాకి వెనక్కి వస్తుంది. 10 మిల్లీమీటర్ల రేకులో వెళ్ళి రావడానికి సెకనులో పది లక్షల భాగాలు చేస్తే అందులో మూడున్నర భాగాలు కూడా పట్టదు! ఆ సమయాన్ని కొలిచి, రేకు మందం ఎంత మిగిలిందో పరికరం చెప్పేస్తుంది. రేకును కోయనక్కరలేదు, రంగు తీయనక్కరలేదు. నిబంధన కంటే పలచబడితే ఆ ముక్క కోసివేసి కొత్తది అతుకుతారు.

అడుగుభాగం చూడడానికి ఓడను డ్రైడాక్‌లోకి తెస్తారు. అది రేవు పక్కన కట్టిన పెద్ద గొయ్యి. ఓడ లోపలికి రాగానే తలుపు మూసి నీళ్ళు తోడేస్తారు. ఓడ దిమ్మల మీద కూర్చుంటుంది. విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో ఇలాంటి పనులు జరుగుతాయి. స్వతంత్ర భారతదేశంలో తయారైన 'జల ఉష' అనే ఓడను 1948లో నెహ్రూగారు జలప్రవేశం చేయించింది ఆ యార్డులోనే. అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రయాణికుల ఓడను ఏటా తనిఖీ చేయాలి. అడుగుభాగాన్ని కూడా ఏటా చూడాలి.

ముసలి ఓడ తేలింది, పడుచు ఓడ మునిగింది

1956 జులైలో అమెరికా తీరానికి దగ్గరలో, పొగమంచులో రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. ఒకటి ఇటలీకి చెందిన 'ఆండ్రియా డోరియా'. మొదటి ప్రయాణం చేసి మూడున్నరేళ్ళే అయింది. రెండోది స్వీడన్‌కు చెందిన 'స్టాక్‌హోమ్'. అది 1948 నుంచి తిరుగుతున్నది. కొత్త ఓడ పక్క చీలి మర్నాటికల్లా మునిగిపోయింది. పాత ఓడ ముక్కు నుజ్జయినా రేవు చేరింది. తరువాత దానికి కొత్త ముక్కు పెట్టారు, యంత్రాలు మార్చారు, లోపలి గదులు మొత్తం మార్చారు. చివరకు 'ఆస్టోరియా' అనే పేరుతో 2020 వరకు, అంటే డెబ్బై ఏళ్ళకు పైగా, అది సముద్రాల మీద తిరిగింది. 2025లో విడగొట్టడానికి పంపారు.

టైటానిక్ సంగతి మీకు తెలుసు. 1912లో అది మునిగింది మొదటి ప్రయాణంలోనే. 2012లో ఇటలీ తీరంలో రాతికి కొట్టుకొని 32 మంది ప్రాణాలు తీసిన 'కోస్టా కాంకోర్డియా' ఆరేళ్ళ ఓడ. దారి తప్పించి ఒడ్డుకు మరీ దగ్గరగా నడపడం వల్ల ఆ ప్రమాదం జరిగింది.

కాబట్టి "కొత్తది క్షేమం, పాతది ప్రమాదం" అనే సూత్రం నిలవదు. ఓడ వయస్సు ఒక్కటీ చెప్పి ఎక్కవచ్చో లేదో చెప్పమంటే ఏ ఇంజనీరూ చెప్పలేడు.

అయితే వయస్సుకు విలువే లేదా?

ఉంది. ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాలి. ఓడ పాతబడిన కొద్దీ మరమ్మతుల ఖర్చు పెరుగుతుంది. అదే సమయంలో టిక్కెట్టు ధర తగ్గుతుంది, ఎందుకంటే కొత్త ఓడల హంగులు దానికి ఉండవు. రాబడి తగ్గుతూ ఖర్చు పెరుగుతూ ఉంటే యజమానికి ఏం తోస్తుంది? "ఈ ఏటికి దీన్ని గడుపుదాం, ఆ పని వచ్చే ఏడు చూసుకుందాం" అని తోస్తుంది. ప్రమాదం పుట్టేది ఈ మాటలోనే. తుప్పు మనకోసం వచ్చే ఏడు దాకా ఆగదు.

ఇంకొకటి. ఓడ కట్టిన నాటి నియమాలు నేటి నియమాలు కావు. పాత ప్రయాణికుల ఓడల్లో గోడలకు, మెట్లకు కొయ్య బాగా వాడేవారు. కొయ్య అందంగానే ఉంటుంది, కాని మండుతుంది. 1985 ఫిబ్రవరిలో మద్రాసు – సింగపూర్‌ల మధ్య తిరిగే 'చిదంబరం' అనే ఓడలో నిప్పు అంటుకొని ఎందరో చనిపోయారు. దాన్ని 1966లో ఫ్రాన్సులో వేరే పేరుతో కట్టారు, తరువాత మన దేశం కొన్నది. ఓడ మీద నిప్పు పుడితే పరుగెత్తడానికి చోటుండదు కాబట్టి, మండే వస్తువులతో కట్టిన పాత ప్రయాణికుల ఓడలు 2010 అక్టోబరు తరువాత అంతర్జాతీయ ప్రయాణాలు చేయకూడదని నిషేధించారు. ఇది మంచి నిషేధం. గమనించారా? "ఇన్నేళ్ళు దాటితే వద్దు" అని వయస్సు పేరుతో నిషేధించలేదు. ఏ వస్తువు ప్రమాదమో చూసి దాన్ని నిషేధించారు.

మరో ఉదాహరణ. 2013 ఫిబ్రవరిలో కానరీ దీవుల దగ్గర 'థామ్సన్ మెజెస్టీ' అనే విహార నౌక ఆగి ఉన్నది. అది 1992 నాటి ఓడ. సిబ్బంది ప్రాణరక్షక పడవను దింపి, మళ్ళీ పైకి లాగే అభ్యాసం చేస్తున్నారు. పడవను మోసే ఉక్కుతాడు తెగింది. పడవ తలకిందులై పడి అయిదుగురు సిబ్బంది చనిపోయారు. తాడు కప్పీ మీదుగా వెళ్ళేచోట తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ప్రాణం కాపాడవలసిన పడవే ప్రాణం తీసింది! ఓడ మొత్తానికి ఒక వయస్సు రాసి ఊరుకుంటే చాలదని ఇందువల్ల తెలుస్తున్నది. తాడుకు ఒక తేదీ, గొలుసుకు ఒక తేదీ, పంపుకు ఒక తేదీ ఉండాలి.

ఈ సంగతి సూర్యాపేట పిల్లలకు నేను వేరే చెప్పనక్కరలేదు. 1960ల తొలి సంవత్సరాల్లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు మీ ఊరికి దగ్గరే. 2019 అక్టోబరులో దాని గేటు ఒకటి ఊడి కొట్టుకుపోయింది, నిలవ చేసిన నీళ్ళు వృథాగా పోయాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట గేటు ఒకటి గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆనకట్ట రాతిగోడ చెక్కుచెదరలేదు, నీటిలో నానే ఇనుప భాగమే తప్పింది. ఓడైనా గేటైనా నీటిలో ఉన్న ఇనుముకు ఒకటే నీతి.

ఒక గీత కథ

"ఇవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారు, మామూలు మనుషులకు ఏం తెలుస్తుంది?" అనేవారున్నారు. వారికి శామ్యూల్ ప్లిమ్సాల్ కథ చెప్పాలి.

ఇంగ్లండులో ఒకప్పుడు కొందరు యజమానులు శిథిలమైన ఓడలకు పెద్ద మొత్తంలో బీమా చేయించి, మోయలేనంత సరుకు ఎక్కించి పంపేవారు. ఓడ మునిగితే యజమానికి బీమా డబ్బు వచ్చేది. నావికుల ఇళ్ళలో మాత్రం ఏడుపు మిగిలేది. అలాంటి ఓడలను జనం "శవపేటికలు" అనేవారు. ప్లిమ్సాల్ ఓడలు కట్టేవాడు కాడు, బొగ్గు వ్యాపారి. పార్లమెంటు సభ్యుడయ్యాక దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడాడు. చివరకు 1876లో చట్టం వచ్చింది. ప్రతి ఓడ పక్కన ఒక గీత గీయాలి. సరుకు ఎక్కించాక ఆ గీత నీటిలో మునగకూడదు. మొదట్లో గీత ఎక్కడ గీయాలో యజమానులే నిర్ణయించుకునేవారు, 1890లో ఆ లొసుగు కూడా మూసివేశారు. ఈనాడు ప్రపంచంలోని పెద్ద ఓడలన్నిటి మీదా ఆ గీత ఉంది.

ఆ గీత గొప్పతనం ఎక్కడుంది? రేవులో నిలబడ్డ చదువురాని కూలీ కూడా దాన్ని చూసి "ఈ ఓడ బరువు మించింది" అని చెప్పగలడు. అంతవరకు కంపెనీ గదిలో దాగి ఉన్న ఒక లెక్క అందరి కళ్ళముందుకు వచ్చింది. నేను కోరేది ఇలాంటి గీతనే. ఓడ సంరక్షణకు కూడా ఒక గీత కావాలి.

మన నీళ్ళు, మన పడవలు

ఇక మన దగ్గరకు వద్దాం. కోదాడ దాటి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడి పవిత్ర సంగమం దగ్గర 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం నాడు, కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. ప్రయాణికులను తిప్పడానికి ఆ పడవకు అనుమతి లేదనీ, అందరికీ లైఫ్ జాకెట్లు లేవనీ తరువాత బయటపడింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న 'రాయల్ వశిష్ఠ' అనే పడవ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. యాభైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. నది అడుగున కూరుకుపోయిన ఆ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం అయిదు వారాల తరువాత పైకి లాగింది.

ఈ రెండూ తుప్పువల్ల జరిగినవి కావు. ఒకదానిలో అనుమతి లేదు. రెండోదానిలో వరద ఉధృతంగా ఉన్న రోజున బయలుదేరారు. అయినా వీటిలో ఒక సమానగుణం ఉంది. ఎక్కే ముందు ప్రయాణికుడికి తెలియవలసినది తెలియలేదు. "అనుమతి ఉందా?", "ఈరోజు నదిలో నీళ్ళెన్ని?" అన్న రెండు ప్రశ్నలకు రేవులో జవాబు రాసి ఉంటే, ఆ కుటుంబాలలో కొన్నయినా వెనక్కి తిరిగేవి గదా!

చట్టం లేక కాదు. నదులలో, జలాశయాలలో తిరిగే మరపడవలకు 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. పడవను రిజిస్టరు చేయించాలి, తనిఖీ చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎంతమందిని ఎక్కించుకోవాలో అందులో ఉంటుంది. కాని ఆ కాగితం ఎక్కడ ఉంటుంది? ఆఫీసు బీరువాలో! ఎక్కేవారికి కనబడదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఏ జలాశయమో, ఎవరి పడవో చెప్పను. పిల్లలతో కలిసి లాంచీ ఎక్కాను. ఏడో తరగతి పిల్ల ఒకతె పడవ నడిపే ఆయనను, "అన్నా, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి?" అని అడిగింది. ఆయన నవ్వి, "పైన కట్టి పెట్టినం బిడ్డా, పొద్దుగూకులు తొడుక్కుంటే మురికి పడ్తయి" అన్నాడు. చూస్తే నిజంగానే కొత్త జాకెట్లు మూటగట్టి, తాడు బిగించి పెట్టి ఉన్నాయి. మేము నలుగురం పెద్దవాళ్ళం అక్కడే ఉన్నాం. ఎవరికీ అడగాలని తోచలేదు. ఆ పిల్ల అడిగింది కాబట్టి మూట విప్పారు. ఆ రోజు నుంచి ఈ వ్యాసం రాయాలని నా మనస్సులో ఉంది.

నేను కోరేది ఇది

మిర్యాలగూడ పిల్లలకు ఉప్పుడు బియ్యం మిల్లులు తెలుసు. అక్కడి బాయిలరులో ఆవిరి పీడనం మీద ఉంటుంది. అది పేలితే చుట్టుపక్కల మిగలదు. అందుకని బాయిలరును ఇష్టం వచ్చినన్నాళ్ళు నడపడానికి వీల్లేదు. తనిఖీ చేసి, ఇంత పీడనం దాకా, ఈ తేదీ దాకా అని సర్టిఫికెట్ ఇస్తారు. గడువు దాటితే మళ్ళీ తనిఖీ. బాయిలరుకు ఉన్న క్రమశిక్షణ ప్రయాణికుల పడవకూ ఉండాలి. పైగా మిల్లులోకి వెళ్ళేది పనివారే, లాంచీ ఎక్కేది పసిపిల్లలు కూడా.

సాగర్ లాంచీ అయినా, సముద్రపు విహార నౌక అయినా, ఎక్కే మెట్ల దగ్గర ఒక పలక తగిలించాలి. దానిమీద తెలుగులో, పెద్ద అక్షరాలతో ఇవి రాయాలి: ఏ సంవత్సరంలో కట్టారు, చివరిసారి అడుగుభాగం ఎప్పుడు చూశారు, తనిఖీ సర్టిఫికెట్ ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఎంతమంది ఎక్కవచ్చు, లైఫ్ జాకెట్లు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి. అయిదు వరుసలు, ఒక డబ్బా రంగు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

"పలక మీద అబద్ధం రాస్తే?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. గదిలో ఉన్న అబద్ధాన్ని ఒక్క అధికారి మాత్రమే పట్టుకోగలడు. పలక మీది అబద్ధాన్ని రోజూ వందమంది చూస్తారు, అందులో ఒకరైనా పట్టుకుంటారు. "జనం భయపడి ఎక్కడం మానేస్తే?" అని యజమాని అడగవచ్చు. బాగా చూసుకునే యజమానికి ఆ పలకే పెద్ద ప్రచారం. భయపడవలసింది చూసుకోనివాడే. ప్రమాదం జరిగాక విచారణ సంఘాలు వేయడం ఇల్లు కాలాక బావి తవ్వడం వంటిది.

పలక వచ్చేదాకా మనం ఊరికే ఉండనక్కరలేదు. ఈసారి విహారయాత్రకు వెళ్ళినప్పుడు ఆ అయిదు ప్రశ్నలూ మీ నోటు పుస్తకంలో రాసుకొని వెళ్ళండి. మర్యాదగా, "అన్నా" అని పిలిచి అడగండి. జవాబు చెప్పినవారికి కృతజ్ఞత చెప్పండి. జవాబు రాకపోతే మీ మాస్టారికి చెప్పండి. జాకెట్టు తొడుక్కోకుండా మాత్రం కదలనివ్వకండి.

చేసి చూడండి

నాలుగు గాజు గ్లాసులు, నాలుగు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. మొదటి గ్లాసులో మంచినీళ్ళు పోయండి. మిగిలిన మూడింటిలో ఉప్పునీళ్ళు పోయండి. గ్లాసు నీటికి ఒక చిన్న చెంచా నిండుగా ఉప్పు వేస్తే సముద్రపు నీటికి దగ్గరవుతుంది. మొదటి రెండు గ్లాసులలో మామూలు మేకులు వేయండి. మూడో మేకుకు రంగు పూసి, బాగా ఆరాక ఒకచోట బ్లేడుతో గీరి వేయండి. బ్లేడు పని పెద్దలచేత చేయించండి. నాలుగో మేకు చుట్టూ జింకు పూత ఉన్న ఇనుప తీగను బిగుతుగా చుట్టి వేయండి. పందిళ్ళకు, కంచెలకు కట్టే తెల్లని తీగ అది.

వారం రోజులు రోజూ ఒకే వేళకు చూసి, తేదీ వేసి, కనబడినది రాయండి. ఏ మేకు ముందు తుప్పు పట్టింది? రంగు పూసిన మేకుకు తుప్పు ఎక్కడ మొదలయింది? తీగ చుట్టిన మేకు సంగతేమిటి? ఆ తీగ ఎలా మారింది?

ఏడు రోజులు క్రమం తప్పకుండా రాశారంటే, ఓడ సంరక్షణలో మొదటి పాఠం మీకు వచ్చినట్టే. ఓడ మీద ఇంజనీరు దగ్గర ఉండే పుస్తకం కూడా అలాంటిదే: తేదీ, చూసినది, చేసినది. అందులో ఒక్క పేజీ ప్రయాణికుడికి చూపించమని అడుగుతున్నాను, అంతే.

మీకు ఈ అభిప్రాయం నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మీ తరగతిలో వాదించండి. నచ్చితే ఆ అయిదు ప్రశ్నలూ ఒక అట్ట మీద రాసి, మీ బడి గోడకు తగిలించండి. విహారయాత్ర బస్సు బయలుదేరే ముందు అందరూ ఒకసారి చదవాలి.